సూర్యాపేట దగ్గర పడిపోయిన కారులోంచి మా పాపను తీసిన లారీ డ్రైవరన్నకు

నిన్న సాయంత్రం ఇంటికి చేరాం. కాలికి కట్టు, ఒళ్లంతా నొప్పులు. అయినా ఇది రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దాటాక గేదె అడ్డం వచ్చింది. కారు డివైడర్‌ను గుద్దుకుని ఎడమవైపుకు పడిపోయింది. నేను కింద, డాష్‌బోర్డు కింద కాలు ఇరుక్కుని ఉన్నాను. వెనుక కుడివైపున ఉన్న పాప తన పిల్లల సీటు బెల్టుల్లో గాలిలో వేలాడుతోంది.

జనం పోగయ్యారు. “బెల్టు కోసేయండి” అని ఎవరో అరుస్తున్నారు. అన్నా, మీరు పై తలుపు తెరిచి సగం లోపలికి వంగారు. కోయలేదు. కోస్తే పాప నేరుగా గాజు పెంకుల మీద పడేది. ముందు ఎడమచేయి దాని వీపు కిందకు పోనిచ్చి, బరువంతా మీ భుజానికి ఆనించుకుని, అప్పుడు అడిగారు: “ఇది ఎలా విప్పాలమ్మా?” ఎర్ర బొత్తాం నొక్కమన్నాను.

నన్ను బయటికి తీసేసరికి మీరు రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు. గ్రీజు వేళ్లను తువ్వాలుకు తుడుచుకుంటూ, పాప జుట్టులోంచి గాజు ముక్కలు ఒక్కొక్కటే ఏరుతున్నారు. పాప మీ చొక్కా గుండీ పట్టుకుని మీ వంకే చూస్తోంది. అంతవరకు నాకు ఏడుపు రాలేదు. అది చూశాక ఆగలేదు.

పోలీసులు వచ్చి పేరు, ఊరు అడగగానే “కోర్టుల చుట్టూ తిరగలేనమ్మా” అని పాపను మా ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయారు. మాట తీరు కృష్ణా జిల్లా వైపుది అనిపించింది. అంతకుమించి మీ గురించి నాకేమీ తెలియదు.

మీరెందుకు భయపడాలి అన్నా? సాయం చేసినవారిని వేధించకూడదని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ వచ్చింది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ సంగతి రోడ్డు మీదికి ఇంకా చేరలేదు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని కూడా అదే సవరణలో ఉంది. ఏ టోల్‌గేటు దగ్గరా వెనుక సీటులోకి తొంగిచూసిన వారిని నేను చూడలేదు. పైగా ఆస్పత్రిలో ఒకావిడ “అంత చిన్నపిల్లను అలా కట్టేస్తారా?” అన్నారు. కట్టేశాం కాబట్టే పాపకు భుజాల మీద రెండు ఎర్రటి చారలతో సరిపోయిందండీ!

అమ్మ, అత్తయ్య, తమ్ముడు, మా ఆయన... మీకు విడిగా చెప్పేదేముంది.

108 సిబ్బందికి దండాలు. అయ్యో, సీటు అమ్మిన దుకాణంలో కుర్రాడిని మరిచాను! భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూసినప్పుడు మడత దొరికితే వదులుగా ఉన్నట్టే అని, స్వెటర్ తీసేశాకే బిగించాలని, సీటు పట్టుకుని ఊపి చూడాలని ఓపికగా నేర్పాడు. అప్పుడు విసుక్కున్నాను కూడా.

నీళ్లిచ్చిన మొక్కజొన్న కండెలమ్మకూ, నా చెప్పులు, ఫోను వెతికి తెచ్చిన కాలేజీ పిల్లలకూ కృతజ్ఞతలు.

సీటు ఇమ్మని అడిగిన పిన్నీ, ఇవ్వను. పైకి బాగానే ఉన్నా, ఇంత దెబ్బ తిన్నది మళ్లీ వాడకూడదు. ఎవరూ ఏరుకెళ్లి వాడకుండా బెల్టులు కత్తిరించేయమని తమ్ముడికి చెప్పాను.