బస్తా ధర కాదు, క్లోరిన్ ధర చూడండి

సంపాదకులకు,

తాగునీటి శుద్ధికి పురపాలక సంఘాలు బ్లీచింగ్ పౌడర్‌ను టెండర్ మీద కొంటాయి. బస్తా రేటు ఎవరిది అందరికన్నా తక్కువైతే వారికే (టెండర్ భాషలో ఎల్-1) ఆర్డర్. పొరపాటంతా ఇక్కడే ఉంది. మనకు కావలసింది పొడి కాదు, అందులోని క్లోరిన్. తాజా పౌడర్‌లో అది సుమారు 33 శాతం, అంటే 25 కిలోల బస్తాలో 8.25 కిలోలు. ఎండకు, తేమకు తరిగి 22 శాతానికి పడిపోతే 5.5 కిలోలే మిగులుతాయి. అప్పుడు ఒక బస్తా పనికి బస్తాన్నర కావాలి. అలాంటి సరుకు 20 శాతం చౌకగా వచ్చినా అసలు ఖర్చు 20 శాతం పెరిగినట్టే. మోతాదు పెంచకపోతే మరీ ప్రమాదం, చివరి కుళాయికి క్లోరిన్ అందదు.

టెండర్ నోటీసులోనే కనీస క్లోరిన్ శాతం, తయారీ తేదీ షరతు పెట్టాలి. ధరలను క్లోరిన్ కిలో లెక్కన పోల్చాలి. ఏడాదికి టెండర్ ఒకటే అయినా, సరుకు ఒకేసారి దింపుకోకుండా నెలనెలా తెప్పించాలి. దింపిన రోజే నమూనా తీసి, సీలు వేసి ల్యాబ్‌కు పంపాలి. శాతం తగ్గితే సరుకు వెనక్కి పంపే షరతు ఒప్పందంలో ఉండాలి.

ఏడాది అవసరాన్ని చిన్న చిన్న కొనుగోళ్లుగా ముక్కలు చేసి, టెండర్ తప్పించి, కొందరి దగ్గరే ధరలు అడిగి కొటేషన్లతో కొనడం ఇంకో జబ్బు. దాన్ని ఆడిట్ దాకా ఆగకుండా కౌన్సిల్‌లోనే సభ్యులు నిలదీయాలి. అయితే నాణ్యమైన సరుకిచ్చినవారి బిల్లులు నెలల తరబడి ఆపకూడదు. ఆపితే వాళ్లు మళ్లీ బిడ్ వేయరు, వేసినా ఆ ఆలస్యానికయ్యే వడ్డీని రేటులో కలుపుతారు.

– ఒక పాఠకుడు, తెనాలి