స్క్రూడ్రైవర్ ఇచ్చిన అన్నకి కృతజ్ఞతలు

మా సెల్లార్లో నిన్న పొద్దున నా పరువు కాపాడిన మూడో అంతస్తు వారి డ్రైవర్ అన్నకి నలుగురి ముందూ థ్యాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మొన్న రాత్రి రాజమండ్రి నుంచి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. నా స్థలంలో ఎవరి చుట్టాల కారో ఉంది. పొద్దున్నే తీసేద్దాంలే అని పై ఫ్లాట్ వాళ్ళ కారుకి అడ్డంగా పెట్టి, సామాను దించుకుని పడుకున్నాను. డిక్కీ డోరు సరిగ్గా పడలేదు. లోపలి లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంది. బ్యాటరీకి ఎలాగూ నాలుగేళ్ళు నిండాయి.

అయిదున్నరకి వాచ్‌మన్ తలుపు కొట్టాడు. పై ఫ్లాట్ వాళ్ళు శంషాబాద్ వెళ్ళాలి, ఫ్లైటు తొమ్మిదింటికి. తాళం తిప్పితే కనీసం టిక్కుమనలేదు. గేరు 'పి' (పార్క్)లో బిగుసుకుపోయింది. బండి తోస్తే స్టార్ట్ అయిపోతుందని తలా ఒక మాట. అప్పుడే కారు తుడుస్తున్న అన్న గుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. "ఆటోమేటిక్ బండి తోస్తే అందుకోదు సార్. ముందు హ్యాండ్‌బ్రేక్ లాగండి" అన్నాడు. వెనక చక్రం కింద ఇటుక పెట్టించాడు. మా సెల్లార్ వాలు తెలిసినవాళ్ళకి అదెందుకో చెప్పక్కర్లేదు.

గేర్ లివర్ పక్కన గోరంత ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది. నాలుగేళ్ళుగా అది డిజైన్ అనుకుంటున్నాను! స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి, గీత పడకుండా దాన్ని లేపాడు. తాళం 'ఆన్'లో పెట్టి బ్రేకు తొక్కమన్నాడు. ఇంజిన్ ఆగి ఉంది కదా, పెడల్ రాయిలా ఉంది. ఆ కన్నంలోకి స్క్రూడ్రైవర్ దించి నొక్కుతూ, రెండో చేత్తో లివర్ లాగితే 'ఎన్' (న్యూట్రల్)లోకి వచ్చేసింది. మామూలుగా బ్రేకు తొక్కగానే లివర్‌ని వదిలే సోలినాయిడ్ అనే చిన్న అయస్కాంతపు మీట కరెంటుతో పనిచేస్తుందట. కరెంటు లేనప్పుడు ఆ పని చేత్తో చేయడానికే ఈ కన్నం. అన్ని కార్లకీ ఉండదు, ఎలక్ట్రానిక్ గేరున్న వాటికి పద్ధతి వేరు. మీ కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకం ఒకసారి తిరగేయండి, నేనైతే దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

ఇటుక తీసి, హ్యాండ్‌బ్రేక్ దించి, నలుగురం తోశాం. పై ఫ్లాట్ వాళ్ళు ఒక్క మాట అనకుండా వెళ్ళారు, ఫ్లైటు అందిందని మెసేజ్ కూడా పెట్టారు. వాళ్ళకీ థ్యాంక్స్, సారీ రెండూ.

తర్వాత అన్న వాళ్ళ ఓనరు గారినడిగి వేరే కారు బ్యాటరీ నుంచి నా కారుకి కరెంటు ఇచ్చే జంపర్ కేబుల్ తెచ్చాడు. చివరి నల్ల క్లిప్పు నా బ్యాటరీకి కాకుండా ఇంజిన్ ఇనుముకి పెట్టాడు, నిప్పురవ్వ బ్యాటరీ దగ్గర లేవకూడదని. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు.

అన్నా, మీ స్క్రూడ్రైవర్ నా సీటు కింద దొరికింది. సాయంత్రం పట్టుకొస్తాను. టీ మాత్రం వద్దనకండి.