మసీదు కమిటీ పెద్దలకు, ఆలయ కమిటీకి, కాలనీ కుర్రాళ్ళకు కృతజ్ఞతలు

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మతం అడిగి మరీ కాల్చారు. పోయినవాళ్ళలో మన విశాఖ మనిషి ఉన్నారు, కావలి మనిషి ఉన్నారు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణమిచ్చిన గుర్రాల నిర్వాహకుడు సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షా కూడా ఉన్నారు. ఆ వార్త తర్వాత మా కాలనీ శాంతి కమిటీకి అండగా నిలిచిన ప్రతి ఒక్కరికీ నమస్కారాలు. మీరు చేసిన పని ఇంకో కాలనీకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఇమామ్ సాబ్‌కు. శుక్రవారం జుమ్మాకు చేతికి నల్ల బ్యాడ్జీ కట్టుకుని, చంపినవాళ్ళను ఉగ్రవాదులు అనే పిలిచారు. "తప్పే, కానీ" అనలేదు. ఆ "కానీ" దగ్గరే వినేవాడి మనసు విరిగిపోతుంది. 2008లో ముంబయి మీద దాడి చేసి చచ్చిన తొమ్మిదిమందికి అక్కడి ముస్లిం జమా మసీదు ట్రస్టు ఖబరస్తాన్‌లో చోటివ్వలేదు. అలాంటి తెగువే ఇది.

కుర్రాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. దాడి జరిగిన వెంటనే పాత వీడియోలు కొత్త పేర్లతో తిరుగుతాయి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే ఆ మెసేజ్ కనీసం అయిదు చేతులు మారిందని అర్థం. మీరు వీడియోను మొదట్లో, మధ్యలో, చివర ఆపి మూడు స్క్రీన్‌షాట్లు తీసి, ఫోటో ఎక్కడిదో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వెతికారు. ఒక్కటి చాలదు, వేర్వేరు వీడియోలు అతికిస్తారు కాబట్టి. బండి నంబర్లు, దుకాణాల బోర్డుల మీది భాష, పోలీసుల యూనిఫాం చూశారు. నినాదాలను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. శబ్దం మార్చడం చాలా తేలిక.

పుకారుకు ఖండన రాయడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. "ఫలానా చోట గొడవ జరిగిందన్నది అబద్ధం" అని పెడితే జనానికి గొడవ అన్న మాటే గుర్తుంటుంది. అందుకే ఇమామ్ సాబ్, పూజారిగారు ఒకే ఆడియోలో, ముందు తేదీ, సమయం చెప్పి, "బజారు తెరిచి ఉంది, ఇద్దరం ఇక్కడే నిలబడి ఉన్నాం" అని మొదలుపెట్టారు. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, నిమిషం దాటకుండా. తేదీ లేని ఆడియో నెల తర్వాత మళ్ళీ తిరిగి కొత్త భయం పుట్టిస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకుకు అనుమతి లేదు, కాబట్టి ఆ వేళల్లో ఇంటింటికీ తిరిగిన ఇరువైపుల పెద్దలకు రుణపడి ఉన్నాం. గ్రూపుల్లో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చినవాళ్ళకూ. ద్వేషం రెచ్చగొట్టే పోస్టుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196 కింద మూడేళ్ళ దాకా జైలు ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది.

అనుమానం వచ్చినప్పుడు అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసినవాళ్ళకు మరీ మరీ కృతజ్ఞతలు. ఏం చూశారు, ఎన్ని గంటలకు, ఏ బండి నంబరు, అంతవరకే చెప్పారు. ఫోటో గ్రూపులో పెట్టలేదు. పెడితే అసలువాడు జాగ్రత్తపడతాడు, అమాయకుడు బలవుతాడు. అద్దెకొచ్చేవాళ్ళ వివరాల ఫారం ప్రతి ఇంటికీ ఒకటే ఉండాలని ఇంటి యజమానులు పట్టుబట్టడం మంచి పని. కొందరినే అడిగితే వాళ్ళు మనతో మాట్లాడటం మానేస్తారు, మనకు సమాచారం ఆగిపోతుంది.

హైదరాబాద్ ఇది చూసిందే. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకున్న ముస్లిం యువకులు నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత విచారణకొచ్చిన అయిదుగురినీ సాక్ష్యం చాలక 2018లో కోర్టు వదిలేసింది. అదే దిల్‌సుఖ్‌నగర్ 2013 పేలుళ్ళ కేసులో సాక్ష్యం నిలిచింది: 2016లో అయిదుగురికి మరణశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖరారు చేసింది. ఉగ్రవాది పట్ల దయ అక్కర్లేదు, కానీ వాడు ఎవడో సాక్ష్యంతో తేలాలి. పక్కింటాయన పేరు చూసి తేల్చేది కాదు.

2025లో వినాయక చవితి, మిలాద్ దగ్గర దగ్గరగా వచ్చాయి. రెండు కమిటీల ఫోన్ నంబర్ల జాబితా ఇలాగే ఉంచుతున్నాం. నంబరు మారినవాళ్ళు చెప్పండి.