జైలుకు వెళ్లొస్తున్నాను, కంగారుపడకు

విశాఖపట్నం

ప్రియమైన మిత్రమా,

ఇక్కడ అందరం కులాసా. మీ చెల్లెలి మోకాళ్ల నొప్పి గురించి మొదలుపెడితే ఈ కాగితం దానికే సరిపోతుంది, వదిలేస్తున్నాను.

రిటైరయ్యాక నేను వాలుకుర్చీకి అతుక్కుపోతానని పందెం కాశావు కదా, ఓడిపోయావు. ఆరు నెలలుగా వారానికి రెండు రోజులు అడవివరం కేంద్ర కారాగారంలో పదో తరగతి లెక్కలు చెబుతున్నాను. హనుమంతవాక మీదుగా ఆరిలోవ దాటి వెళ్లడం, గేటు దగ్గర ఫోను అప్పగించి సోదా చేయించుకోవడం. ఒకప్పుడు పిల్లల జేబుల్లో చీటీలు వెతికినవాణ్ణి, ఇప్పుడు నా జేబులు చూపిస్తున్నాను!

వీళ్లు చదివేది సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతి. అయిదు సబ్జెక్టులు. అన్నీ ఒకేసారి గట్టెక్కనక్కర్లేదు, ప్యాసైనవి అలాగే ఉంటాయి, మిగిలినవి అయిదేళ్లలోపు రాసుకోవచ్చు. బడి మానేసినవాళ్ల కోసం పెట్టిన ఈ వెసులుబాటు జైల్లో ఎంత అవసరమో వెళ్లాకే తెలిసింది. 2022 లెక్కల ప్రకారం మన దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే నా క్లాసులో ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారో చెప్పలేం. వాయిదా ఉన్న రోజు ఒకడుండడు, ములాఖత్ ఉంటే మరొకడు సగంలో లేచిపోతాడు.

మొన్న వృత్తాల పాఠం. మొనదేలిన వస్తువు లోపలికి పోదు కాబట్టి కంపాస్ లేదు. మీ ఏజెన్సీ కుర్రాడొకడు, గంజాయి కేసులో వచ్చినవాడు, అన్నం తినే స్టీలు పళ్లెం కాగితం మీద బోర్లించి గీశాడు. "సరే, కేంద్రమేది?" అన్నాను. గీసిన వృత్తాన్ని గీత వెంబడి జాగ్రత్తగా చింపి, సగానికి మడిచాడు, విప్పి ఇంకో వైపు మడిచాడు. మడతలు రెండూ కలిసినచోట పెన్సిలుతో చుక్క పెట్టి నా వైపు తోశాడు. నేను బోర్డు మీద జ్యాలు, లంబ సమద్విఖండన రేఖలు అంటూ అరగంట చెప్పాల్సింది అదే!

పోయిన వారం అతనికి బెయిలొచ్చింది. ఆ కేసుల్లో అది అంత తేలిగ్గా రాదు. బ్యారక్ అంతా సంబరపడుతుంటే, నాకు మాత్రం ముందు తోచిందేమిటో తెలుసా? పరీక్షలయ్యాక వస్తే బాగుండేదని. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరితోనూ అనలేదు, నీకే రాస్తున్నాను.

తెలుగు, సాంఘికం ఇదివరకే ప్యాసయ్యాడు. ఇక మూడే మిగిలాయి. ఊరు పాడేరు అవతలేనట. అక్కడ సార్వత్రిక విద్యాపీఠం కేంద్రం ఏ బడిలో ఉందో, పేరు ఇక్కడి నుంచి మార్పించుకునే వీలుందేమో కాస్త కనుక్కో. అతని లెక్కల నోటుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది. పళ్లెం వృత్తం ముక్క అందులోనే ఉంది. నువ్వు జవాబు రాయగానే పాడేరు బస్సెక్కి నేనే తెస్తాను. కాఫీ సిద్ధంగా ఉంచు, చక్కెర తక్కువ.

నీ వెనక బెంచీవాడు