గూఢచారి నవల మీద మా షాపులో మూడు గంటల గొడవ

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. యుద్ధకాలపు గూఢచారి నవలల్లో తుపాకులు, కార్లు, అందగత్తెలు తప్ప ఇంకేమీ ఉండవని, రైల్లో చదివి సీటు మీద వదిలేసి దిగిపోవడానికే అవి పనికొస్తాయని అందులో రాశారు. మొన్నమొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను. కానీ సరిగ్గా ఆ నెలలోనే మేం అలాంటి నవల ఒకటి చదివి దాని మీద మూడు గంటలు గొడవపడ్డాం, ఛాయ్ రెండుసార్లు తెప్పించాల్సి వచ్చింది, అందుకే ఈ ఉత్తరం.

మేం అంటే మహబూబ్‌నగర్‌లో ఒక ఎనిమిదిమందిమి. బుక్ క్లబ్ అని మేం అనుకోవడమే గానీ బోర్డూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. గడియారం చౌరస్తాకు కొంచెం దూరంలో నాకు జిరాక్స్ షాపుంది. నెలలో రెండో ఆదివారం సాయంత్రం షట్టరు సగం దించి, లోపల స్టూళ్లు వేసుకుని కూర్చుంటాం. ఈసారి నవలను ఎంచింది గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న ఒక అమ్మాయి. ఇంగ్లీషు పుస్తకం, తెలుగులో రాలేదు, మా దగ్గరున్నవి రెండే కాపీలు, చేతులు మారుతూ వచ్చేసరికి అట్టలు ఊడిపోయాయి. అయిదుగురం పూర్తిగా చదివాం, మిగతా ముగ్గురు కథ చెప్పించుకున్నారు. ముగింపు బయటపెట్టేస్తున్నాను కాబట్టి పేరు మాత్రం చెప్పను, చదవబోయేవాళ్ల ఉసురు నాకెందుకు.

కథ ఇంతే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులోకి లండన్‌లోని గూఢచారి ఆఫీసు ఒక అమ్మాయిని వైర్‌లెస్ ఆపరేటరుగా పంపుతుంది. ఆమె సూట్‌కేసులో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని ఇల్లు మారుతూ మెసేజీలు పంపుతుంది, దగ్గరివాడే పట్టిస్తాడు, చివరికి తప్పించుకుని పడవెక్కి లండన్ చేరి మెడల్ తీసుకుంటుంది. పేజీలు మాత్రం పరుగెత్తాయి, అందులో అబద్ధం లేదు. రాత్రి రెండింటిదాకా చదివి పొద్దున షాపు లేటుగా తెరిచాను.

మొదటి దెబ్బ తార్ ఆఫీసు సారు కొట్టారు. ఆయన పాత టెలిగ్రాఫ్ ఉద్యోగి, 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం మూతపడిన రోజు ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్న మనిషి. నవలలో హీరోయిన్ ఒకే అటక మీద కూర్చుని గంటసేపు మోర్స్, అదే చుక్కలు గీతల తంతి భాష, కొడుతుందే, అక్కడ పుస్తకం మూసి పక్కన పెట్టేశాడట. "గంటసేపు కొడితే ఆమెను పట్టుకోవడానికి గూఢచారులెందుకు, ఊళ్లో వాళ్లు చాలు" అన్నాడు. నిజమే, జర్మన్లు వ్యాన్లలో యంత్రాలు పెట్టుకుని సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో వెతుక్కుంటూ వీధి వీధీ తిరిగేవాళ్లు, అందుకే అసలు ఆపరేటర్లు నిమిషాల్లో ముగించి పెట్టె సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చేది. ఆ పెట్టె 15 కిలోల దాకా ఉండేది. దానికి తోడు పొడుగాటి ఏరియల్ తీగ, దాన్ని బట్టలారేసుకునే తాడులాగా కట్టాలి. ఫ్రాన్సులో దిగిన ఆపరేటరు ఆరు వారాలు నిలిస్తే గొప్ప అనుకునేవాళ్లు.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు, అది నాకు ఇప్పటికీ బుర్రలో తిరుగుతోంది. మోర్స్ కొట్టే చెయ్యి ఎవరిది వాళ్లదే, గొంతులాంటిది. అవతల కొడుతున్నది ఎవరో పేరు చెప్పకపోయినా రెండు మాటలకే తెలిసిపోయేదట, ఈ రోజు జడ్చర్లవాడికి ఒంట్లో బాగాలేదని కూడా పట్టేసేవాడట. లండన్‌వాళ్లూ ఏజెంట్లను పంపే ముందు వాళ్లు మోర్స్ కొట్టే తీరును రికార్డు చేసి పెట్టుకునేవాళ్లు. అది చాలదని ప్రతి ఏజెంటుకూ ఒక గుర్తు ఇచ్చేవాళ్లు, మెసేజీలో ఫలానా చోట కావాలని ఒక తప్పు చేయాలి. జర్మన్లకు దొరికిపోయి, తుపాకీ పెట్టి కొట్టిస్తే, ఆ తప్పు చేయకుండా శుభ్రంగా కొట్టాలి, తప్పు కనబడకపోతే లండన్‌కు విషయం అర్థమవ్వాలి. ఇదీ ఏర్పాటు.

మా అసలు గొడవ ఇక్కడ మొదలైంది. నవలలో హీరోయిన్ పట్టుబడి, గుర్తు లేకుండా మెసేజ్ పంపుతుంది. లండన్ ఆఫీసు దాన్ని చూసి కూడా పట్టించుకోదు, పైగా "నీ గుర్తు మర్చిపోయావు, జాగ్రత్త" అని తిరుగు జవాబు ఇస్తుంది. ఆ జవాబు చదువుతున్నది జర్మన్లు! ఇది చదివి ముగ్గురు నవ్వారు, మరీ ఇంత మొద్దులుంటారా, రచయిత కథ నడపడం కోసం అల్లాడు అని. కాదు. ఇది జరిగింది, నెదర్లాండ్స్‌లో ఇంకా ఘోరంగా జరిగింది. 1942 మార్చిలో హేగ్ నగరంలో హూబ్ లావర్స్ అనే ఆపరేటరు జర్మన్లకు దొరికాడు. గుర్తు వేయకుండానే మెసేజీలు పంపాడు, లండన్ కదల్లేదు. పట్టుబడ్డాను అనే ఇంగ్లీషు మాటను ముక్కలు చేసి మెసేజీల్లో ఇరికించాడు, అయినా కదల్లేదు. లండన్ పంపుతూనే ఉంది, ఒకరి తర్వాత ఒకరు యాభైమందికి పైగా ఏజెంట్లు పారాచూట్లతో దిగి నేరుగా జర్మన్ల చేతుల్లో పడ్డారు. వాళ్లలో ఎక్కువమందిని చంపేశారు. రహస్య భాష చూసే లియో మార్క్స్ అనే కుర్ర అధికారికి మాత్రం అనుమానం వచ్చింది. ఎందుకంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొట్టేవాళ్లు తప్పులు చేస్తారు, నెదర్లాండ్స్ నుంచి వచ్చే మెసేజీల్లో మాత్రం తప్పుల వల్ల చదవలేకపోయింది ఒక్కటీ లేదు. ఆ మాట పైకి చెప్పినా ఎక్కలేదు. ఆఖరికి 1944 ఏప్రిల్ 1న జర్మన్లే లండన్‌ను ఎగతాళి చేస్తూ కోడ్ లేకుండా మామూలు భాషలో మెసేజ్ కొట్టి ఆట ముగించారు. తారీఖు చూడండి.

రెవెన్యూలో పనిచేసి రిటైరైన సారు ఒకాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడకుండా బిస్కెట్లు తింటున్నాడు. ఆయన లండన్ ఆఫీసు తరఫున వకాలతు పుచ్చుకున్నాడు. "అందులో మొద్దుతనమేముంది? పైన ఆఫీసరు ఈ లైను మంచిగుంది అని ఒక్కసారి నోట్ పెట్టిండంటే, కింద కూర్చున్నోడు కాదు అని రాస్తడా? రాస్తే ఇంతకుముందు పంపిన మనుషుల లెక్క ఎవరు చెప్పాలె?" అన్నాడు. గ్రూప్స్ అమ్మాయికి ఒళ్లు మండింది. "మనుషులు చస్తుంటే ఫైలా సార్?" అంది. ఆయన "ఫైలే అమ్మా, నువ్వు ఉద్యోగంలోకి వచ్చినంక చూస్తవ్" అన్నాడు. ఆ పిల్ల పరీక్ష రాయాలా వద్దా అన్నట్టు చూసింది పాపం. నాకైతే ఆ నవలంతటిలో భయం వేసింది కాల్పుల దగ్గర కాదు, ఆ లండన్ గుమాస్తా మెసేజీ మీద సంతకం పెట్టి తర్వాతి కాగితం తీసుకునే అర పేజీ దగ్గర. మీ వ్యాసకర్త ఇలాంటి అర పేజీలను చూడకుండా తుపాకులే లెక్కపెట్టుకున్నారు.

అన్నట్టు ఒక సవరణ. అదే వ్యాసంలో, లండన్ నిజంగానే ఫ్రాన్సుకు వైర్‌లెస్ ఆపరేటరుగా పంపిన నూర్ ఇనాయత్ ఖాన్‌ను ఆష్విట్జ్‌లో చంపారని వేశారు. కాదు, డాకావ్‌లో, 1944 సెప్టెంబర్ 13న. ఆమె టిప్పు సుల్తాన్ వంశంలో పిల్ల, జాతక కథలను పిల్లల కోసం తిరిగి రాసిన మనిషి, ఈ పనికి పనికిరాదేమో అని శిక్షణ ఇచ్చినవాళ్లే రిపోర్టుల్లో సందేహపడ్డారు. 1943 జూన్‌లో ఫ్రాన్సులో దిగింది. రోజుల్లోనే తన ముఠా అంతా పట్టుబడినా, వెనక్కి వచ్చెయ్యమన్నా రానని, అక్టోబర్‌లో దొరికేదాకా ప్యారిస్‌లో పెట్టె మోస్తూ తిరిగింది. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ గొప్ప సంగీతకారుడు, హైదరాబాదులోనే సూఫీ గురువు దగ్గర చేరాడు, నిజాం దర్బారులో పాడి మెప్పు పొందాడు. ఆ నిజాం మహబూబ్ అలీ ఖాన్, అంటే మా ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆయనే. ఈ సంగతి చెప్తే షాపులో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత నవల ముగింపు మీద మళ్లీ గొడవ. అసలు నూర్ బతకలేదు, కథలో పిల్ల పడవెక్కి మెడల్ తీసుకోవడమేంటి అని టీచరమ్మ. "బతకనివ్వండి మేడం, కథలోనైనా" అని గ్రూప్స్ అమ్మాయి.

ఈ టీచరమ్మ మాలో అందరికన్నా పెద్దది, పుట్టిల్లు సూర్యాపేట వైపు. వాళ్లమ్మ సాయుధ పోరాటం రోజుల్లో పదిహేనేళ్ల పిల్లగా దళానికి సద్ది మోసింది, సద్ది గిన్నె అడుగున చీటీ పెట్టుకుని ఊరు దాటించేది. కొరియర్ అనేవాళ్లు, ఆ మాట వాళ్లమ్మ "కొరేరు" అని పలికేదట. రజాకార్లు పోయి పోలీసు చర్య జరిగిన తర్వాత కూడా 1951 దాకా ఆ భయం పోలేదు. దాని గురించి ఆమె ఎక్కువ చెప్పలేదు, చెప్పమంటే పల్లికాయలు వొలుస్తూ "ఏముందే, పోయినం, వచ్చినం" అనేదట. అయితే ఒక అలవాటు మాత్రం చివరిదాకా ఉండింది. గుమ్మం ముందు కొత్త మనిషి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేది కాదు, లోపల్నుంచి "ఎవరికోసం బిడ్డా?" అని అడిగేది. చెవుడొచ్చిందనుకుని ఇంట్లోవాళ్లు హైదరాబాద్ తీసుకుపోయి చెవుల పరీక్ష కూడా చేయించారు. చెవులు బాగానే ఉన్నాయి. ఆ రోజుల్లో ఆమెకు ఇంకో పేరుండేదని, సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే పలకొద్దని నేర్పారని టీచరమ్మకు తెలిసింది తల్లి పోయిన తర్వాత, పదో రోజున వచ్చిన ఒక ముసలాయన చెప్తే.

నాలుగు వందల పేజీల నవలలో ఇలాంటిది ఒక్కటి లేదు, అది మాత్రం మీ వ్యాసకర్తతో ఒప్పుకుంటాను. హీరోయిన్ లండన్ చేరిన మరుసటి రోజే హాయిగా నిద్రపోతుంది. కానీ ఆ నవల చదవకపోతే టీచరమ్మ ఈ సంగతి మాకు చెప్పేవారు కాదు, మూడేళ్లుగా వస్తున్నారు, ఒక్కసారీ చెప్పలేదు.

ఉత్తరం పొడుగైంది, కత్తిరిస్తే రెవెన్యూ సారు మాటలు కత్తిరించండి, ఆయనేమీ అనుకోరు. డాకావ్ సవరణ మాత్రం తప్పకుండా వేయండి. వచ్చే నెల తార్ ఆఫీసు సారు అటక మీదున్న తన పాత మోర్స్ కీ తెస్తానన్నారు, బ్యాటరీ నేను చూస్తానన్నాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని, మహబూబ్‌నగర్