సూరీ, ఎవరూ నిన్ను వశం చేసుకోరు

ఒరేయ్ సూరీ,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ పిల్లల గోల, అక్కడ నువ్వేమో బస్టాండులో ఉన్నావు, మధ్యమధ్యలో అనౌన్స్‌మెంట్లు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, రెండు విడతల్లో చదువుకో.

నా కడుపునొప్పికి హిప్నాటిజం వైద్యం చేయించుకున్నానని చెబితే, నాలాగే కడుపునొప్పితో ఉన్న నువ్వు, "ఏమీ అనుకోకురా, హిప్నాటిజం అంటే మన బుర్ర తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టడమే కదా, నీకు భయం వేయలేదా?" అన్నావు. వేసిందిరా. ఇక్కడ మాంచెస్టర్‌లో డాక్టరమ్మ ఆ మాట ఎత్తగానే నాకు గుర్తొచ్చింది సినిమాల్లో కళ్ళు పెద్దవి చేసి గొలుసు గడియారం ఊపే విలనే. ఆ తర్వాత మన స్కూల్లో జరిగిన షో. టెన్త్‌లో ఉండగా ఒకాయన వచ్చి మన క్లాసువాడి చేత పచ్చి ఉల్లిపాయ కొరికించి, ఆపిల్ తియ్యగా ఉందని అనిపించాడు, గుర్తుందా? ఆ సాయంత్రం వాళ్ళమ్మ వాడికి దిష్టి తీసింది. వశీకరణం, చేతబడి, హిప్నాటిజం అన్నీ ఒకే గాటన కట్టేసిన ఇళ్ళల్లో పెరిగాం మనం. భయం వేయకపోతేనే ఆశ్చర్యం.

నా కడుపు సంగతి నీకు తెలియనిది కాదు. ఆరేళ్ళు పడ్డాను. పొద్దున ఆఫీసుకు బయల్దేరేలోపు నాలుగైదు సార్లు వెళ్ళాలి, ట్రామ్ ఎక్కాక ఎక్కడ దిగితే బాత్‌రూమ్ దొరుకుతుందో లెక్కలు వేసుకోవాలి, పెళ్ళికి వెళ్తే బంతిలో కూర్చోవడానికే భయం. రక్తపరీక్షలు, స్కానింగ్, కొలనోస్కోపీ, అన్నీ నార్మల్. "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని అక్కడా ఇక్కడా కలిపి ముగ్గురు డాక్టర్లు చెప్పారు. ఏమీ లేకపోవడం ఏమిట్రా, నొప్పి నాకు తెలుస్తోంది కదా! ఆ మాట విన్న ప్రతిసారీ నన్ను అబద్ధాలకోరు అన్నట్టే ఉండేది. నాలుగో డాక్టరమ్మ మాత్రం కాగితం తీసుకుని బొమ్మ గీసి చెప్పింది. నీది ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, ఇందులో పేగుకు పుండూ ఉండదు, గడ్డా ఉండదు, కానీ పేగుకూ మెదడుకూ మధ్య కబుర్లు మోసే నరాల దారి అతిగా స్పందిస్తూ ఉంటుంది, మిగతావాళ్ళకు తెలియనే తెలియని కదలిక మనకు నొప్పిగా అందుతుంది, అది అందగానే మెదడు కంగారు పడుతుంది, మెదడు కంగారుపడితే పేగు ఇంకా బిగుసుకుంటుంది. ఇన్నాళ్ళూ పేగు వైపు నుంచి మందులు వాడి చూశాం, ఇప్పుడు మెదడు వైపు నుంచి, హిప్నోథెరపీతో, అంటే హిప్నాటిజం ద్వారా చేసే చికిత్సతో ప్రయత్నిద్దాం అంది.

ఇదేదో నాటువైద్యం లాంటిది అనుకున్నాను. కాదు. 1984లో ఇదే ఊళ్ళో పీటర్ వోర్వెల్ అనే డాక్టరు, ఏ మందుకూ తగ్గని 30 మంది ఐబీఎస్ రోగుల్ని తీసుకుని, సగం మందికి ఏడు సిట్టింగుల హిప్నోథెరపీ, మిగతా సగానికి కౌన్సెలింగుతో పాటు మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశాడు. రెండో గుంపులో కొద్దిపాటి మార్పు కనిపించింది, మొదటి గుంపులో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది ఇది. 2008 నుంచి ఇంగ్లండ్‌లో ఏ జబ్బుకు ఏ వైద్యం చేయాలో సిఫారసు చేసే నైస్ అనే సంస్థ కూడా, ఏడాదిపాటు మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కు పంపదగ్గ చికిత్సల్లో దీన్ని చేర్చింది. 2015లో వోర్వెల్ వాళ్ళే వెయ్యిమంది రోగుల లెక్క తీస్తే 76 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది. పోల్చి చూసుకోవడానికి చికిత్స అందని ఇంకో గుంపు అందులో లేదు కాబట్టి ఆ అంకెను ఆ మేరకే తీసుకో. అయినా నాకు ధైర్యం ఇచ్చింది ఆ అంకే.

ఇక అసలు గదిలో ఏం జరిగిందో చెప్తాను.

గడియారం లేదు, గొలుసూ లేదు. మామూలు గది, వెనక్కి వాలే కుర్చీ, కిటికీ కింద గరగరమంటూ హీటర్. మొదటి రోజు గంటసేపు మాటలే. నొప్పి ఎప్పుడొస్తుంది, ఎలా ఉంటుంది, దేనికి భయపడతావు, ఇవే. చివర్లో డాక్టరమ్మ "మీకు మనసు నిమ్మళంగా ఉండే చోటు ఏది?" అని అడిగింది. నోటికి వచ్చేసింది, ధవళేశ్వరం లాకులు అని. కాలువ నీళ్ళను ఆపే ఆ గేట్ల పక్కన, మన ఇద్దరం సాయంత్రాలు గట్టు మీద కూర్చుని ముంత మసాలా తింటూ పడవలు చూసిన చోటు. ఆవిడకు వివరించాల్సిన పనే లేకపోయింది, మాంచెస్టర్ నిండా కాలువలూ లాకులే.

రెండోసారి వెళ్ళినప్పుడు కళ్ళు మూసుకోమంది. మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమని, ఒక్కో మెట్టుకూ భుజాలు వదులవుతున్నాయని చెబుతూ పది నుంచి వెనక్కి లెక్కపెట్టింది. మూడు దగ్గరికి వచ్చేసరికి హీటర్ చప్పుడు వినబడుతూనే ఉంది కానీ అది ఎవరింట్లోదో అన్నట్టుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏదో ఆలోచనలో పడతావు చూడు, రావులపాలెం ఎప్పుడు దాటిందో తెలియదు, తణుకు వచ్చాక తెలుస్తుంది, అచ్చం అలాంటి స్థితి. నిద్రపోలేదు, ఒళ్ళు తెలియకుండానూ లేను. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకోమని, చెయ్యి వెచ్చబడుతోంది, ఆ వెచ్చదనం లోపలికి దిగుతోంది అంది. నిజంగా దిగిందిరా. తర్వాత, పేగును కాలువ అనుకోండి, నీళ్ళు మరీ ఉరవడిగా పోతుంటే లాకు గేటు మీరే కొంచెం దించండి, నిలిచిపోతే మీరే ఎత్తండి అంది. నేను ఆ ఇనుప చక్రం పట్టుకుని తిప్పాను. చేతికి తుప్పు అంటింది, తడిసిన ఇనుము వాసన కూడా వచ్చింది. గేటు సందులోంచి నీళ్ళు సన్నగా, ఒకే తీరుగా జారుతుంటే పొట్టలో ఎప్పుడూ ఉండే ఆ మెలి వదులైంది.

"మీరే" అన్న మాట గమనించావా? ఆవిడ ఎప్పుడూ "నేను మూస్తున్నాను" అనలేదు. చక్రం తిప్పింది నేను, ఆవిడ పక్కన నిలబడి ఎటు చూడాలో చెప్పింది. నీ ప్రశ్నకు నా జవాబు ఇంతేరా, మిగతాదంతా దాని చుట్టూ చెప్పే కబుర్లే.

మూడో సిట్టింగులో మధ్యలో ఫైర్ అలారం మోగింది. కళ్ళు తెరిచి, కోటు అందుకుని, ఇద్దరం మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళాం. "అందులోనే ఉండిపోతే?" అన్నావు కదా, ఉండిపోవడం అనేదే లేదు. చెప్పేవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోయినా, కాసేపటికి మనంతట మనమే కళ్ళు తెరుస్తాం, లేదంటే మామూలు నిద్రలోకి జారి లేస్తాం. రహస్యాలు కక్కిస్తారన్నదీ అంతే. ఆ స్థితిలో కూడా మనిషి చెప్పదలచుకోనిది దాచగలడు, కావాలంటే అబద్ధమూ ఆడగలడు. నువ్వు పోలీసులు చేసే నార్కో పరీక్షతో దీన్ని కలిపేస్తున్నావు. అది మత్తుమందు ఎక్కించి చేసేది. మనిషి ఒప్పుకోకుండా అది చేయకూడదని 2010లో మన సుప్రీంకోర్టే చెప్పింది.

విచిత్రం ఏమిటంటే హిప్నాటిజం అన్న మాటకు ప్రాచుర్యం తెచ్చింది ఈ ఊరి డాక్టరే, జేమ్స్ బ్రెయిడ్. 1841లో మాంచెస్టర్‌కు వచ్చిన ఒక ఫ్రెంచాయన ప్రదర్శనకు, అంతా బూటకం అనుకుంటూ వెళ్ళాడు. అప్పట్లో చేసేవాడి ఒంట్లోంచి ఏదో అయస్కాంత శక్తి రోగిలోకి ప్రవహిస్తుందని చెప్పేవాళ్ళు. అది అంతకుముందు మెస్మర్ అనే డాక్టరు మొదలుపెట్టిన వాదం. బ్రెయిడ్‌కు ఆ శక్తి మీద నమ్మకం కుదరలేదు కానీ, రోగి కనురెప్పలు నిజంగానే తెరుచుకోకపోవడం చూశాడు. ఇంటికొచ్చి ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, కళ్ళకు కాస్త ఎత్తులో పెట్టిన వైన్ సీసా మూతి వంక రెప్పవేయకుండా చూడమన్నాడు. మూడు నిమిషాల్లో ఆయన కళ్ళ నీళ్ళు కారి, రెప్పలు పడి, తల వాలిపోయింది. తర్వాత భార్యను కూర్చోబెట్టి పింగాణీ చక్కెర గిన్నె మీది నగిషీ వంక చూడమంటే ఆవిడకూ అంతే. చక్కెర గిన్నెలో ఏ శక్తి ఉంటుందిరా! చూపూ మనసూ ఒక్కచోట నిలపడంలోనే ఉందంతా అని ఆయనకు అర్థమైంది. గ్రీకులో నిద్రను హిప్నోస్ అంటారు, అక్కణ్ణించి పేరు పెట్టాడు. ఇది నిద్ర కాదని తర్వాత తానే గ్రహించి, ఒకే ఆలోచన మీద మనసు నిలవడం అనే అర్థం వచ్చేలా పేరు మార్చాలని చూశాడు. అప్పటికే పాత పేరు జనం నోళ్ళలో పడిపోయింది. ఈ నిద్ర గొడవంతా ఆ పేరుతో వచ్చిందే.

మన దేశం కథ ఇంకోటి ఉంది, నీకు నచ్చుతుంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే ఈస్టిండియా కంపెనీ సర్జన్, వరిబీజంతో బాధపడుతున్న ఒక ఖైదీకి, హిప్నాటిజానికి ముందుతరం లాంటి ఆ మెస్మర్ పద్ధతిలోనే నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేశాడు. ఆ తర్వాత అలాంటివి వందల కొద్దీ చేశాడు. చాలావరకు బోదవాపు వల్ల పెరిగిన పెద్ద పెద్ద గడ్డలు. మన గోదావరి జిల్లాల వాళ్ళకు ఆ జబ్బు గురించి వేరే చెప్పాలా. చీకటి గదిలో రోగి పక్కన గంటల తరబడి కూర్చుని చేతులు ఆడించే పని చేసింది మన దేశపు సహాయకులే, వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ తలుచుకోరు. ఆ మరుసటి ఏడాదే బోస్టన్‌లో ఈథర్ మత్తు వచ్చింది, తర్వాత క్లోరోఫాం, దాంతో ఇది పక్కకు పోయింది. ఆ పోవడం మంచిదే, ఎందుకంటే మత్తుమందు అందరి మీదా పనిచేస్తుంది, ఇది చేయదు.

ఆ చేయకపోవడం గురించి కూడా చెప్పాలి. నూటికి పది పదిహేను మంది దీనికి చాలా బాగా స్పందిస్తారు, దాదాపు అంతేమందికి ఏమీ అనిపించదు, మిగతావాళ్ళు మధ్యరకం. 1959లో స్టాన్‌ఫర్డ్‌లో దీన్ని కొలవడానికి 12 అంశాల పరీక్షే తయారుచేశారు. మనోబలం లేనివాళ్ళే లొంగుతారు అనడం తప్పు, ఊహలో మునిగిపోగల వాళ్ళకు ఇది బాగా పట్టుబడుతుంది. స్టేజి షోల కిటుకు కూడా ఇక్కడే ఉంది. ముందు హాలు మొత్తాన్ని వేళ్ళు బిగించమంటారు, విడదీసుకోలేకపోయిన వాళ్ళను పైకి పిలుస్తారు, వాళ్ళలోంచి ఇంకొందరిని దించేస్తారు. చివరికి మిగిలేది బాగా స్పందించేవాళ్ళూ, నలుగురిలో సరదా పడే ధైర్యం ఉన్నవాళ్ళూ. పట్టాభిరామ్ గారి లాంటి వాళ్ళ ప్రదర్శనల వల్లే మన తెలుగువాళ్ళకు ఈ మాట ఇంటింటికీ తెలిసింది, అది వేరే సంగతి, కానీ చికిత్స గదిలో జరిగేది స్టేజి మీద జరిగేది ఒకటి కాదు.

అలాగని అంతా నటనేనా అంటే, కాదు. 1997లో మాంట్రియల్‌లో కొందరి చెయ్యి 47 డిగ్రీల వేడినీళ్ళలో పెట్టించి, హిప్నాసిస్‌లో "ఈ నొప్పి అంత బాధించదు" అని చెప్పి మెదడు స్కానింగ్ తీశారు. వేడిని గుర్తించే భాగం ఎప్పటిలాగే పనిచేసింది, నొప్పిలోని బాధతో సంబంధం ఉన్న భాగంలో మాత్రం మార్పు కనబడింది. నీళ్ళ వేడి మారలేదు, దాని వల్ల కలిగే బాధ మారింది. నా కడుపులో జరిగిందీ అలాంటిదే అనుకుంటాను. మెలి ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, ఇదివరకటిలా నన్ను పరుగెత్తించదు.

ఇక నువ్వు పంపిన ఆ ప్రకటన. "ఒక్క సిట్టింగులో నయం, మీ గత జన్మలోని కారణం తెలుసుకోండి, పదిహేను వేలు." వద్దురా, దయచేసి వెళ్ళకు. జ్ఞాపకాల విషయంలో హిప్నాటిజం చాలా ప్రమాదకరం. మర్చిపోయినవి బయటికి తీస్తుందని నమ్ముతారు కానీ, లేనివాటిని కల్పించి, అవి నిజమేనన్న గట్టి నమ్మకాన్ని కూడా కలిగిస్తుంది. అలా తవ్విన జ్ఞాపకాలను మామూలు జ్ఞాపకాల కన్నా ఎక్కువగా నమ్మడానికి లేదని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే తేల్చింది. నీకు చిన్నప్పుడు ఇంట్లో ఎవరో ఏదో చేశారనో, పోయిన జన్మలో ఎవరో విషం పెట్టారనో ఒక బొమ్మ నీ తలలోకి ఎక్కిందనుకో, కడుపునొప్పి సంగతేమో గానీ మీ అన్నయ్యతో మాటలు పోతాయి.

ముందు గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళు. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా ఈ ఊసే ఎత్తకు, ఆ సంగతి తేలాలి. అంతా నార్మల్ అని తేలాక సైకియాట్రిస్టో, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో, ఇందులో శిక్షణ ఉన్నవాళ్ళను వెతుక్కో. హిప్నాటిజం లేకుండా కూడా నీ జబ్బును అర్థం చేసుకుని చూడగలిగిన మనిషి అయి ఉండాలి. లేనివి వినిపించే, కనిపించే మానసిక జబ్బులు ఉన్నవాళ్ళకు ఇది సరిపడకపోవచ్చు, అందుకే ముందు వివరాలన్నీ అడిగేవాళ్ళే మంచివాళ్ళు. సిగరెట్ కూడా ఇందులోనే మాన్పించేస్తారా అన్నావు, దానికి గట్టి రుజువులు లేవు, ఆ ఆశ పెట్టుకోకు.

ఓపిక కావాలి. నాకు మొదటి నెల పెద్ద తేడా తెలియలేదు. ఆవిడ ఇచ్చిన రికార్డింగు రోజూ రాత్రి ఇరవై నిమిషాలు విన్నాను, ఐదో వారం ఒక పొద్దున బాత్‌రూమ్‌కు ఒక్కసారే వెళ్ళి ట్రామ్ ఎక్కేశాను. ఎక్కానన్న సంగతి ఆఫీసుకు వెళ్ళాక గానీ గుర్తు రాలేదు. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు చెబుతుంటే గొంతు పెగల్లేదు. ఇప్పుడు మొత్తం పోయిందని చెప్పను. పచ్చిమిరపకాయ బజ్జీ తింటే అది తన పని అది చేస్తుంది. కానీ నవంబర్‌లో ఇక్కడి తెలుగువాళ్ళ పెళ్ళిలో బంతి చివరిదాకా కూర్చున్నాను, పెరుగన్నం కూడా తిన్నాను.

సంక్రాంతికి వస్తున్నాను, టికెట్లు తీసుకోవడం కూడా అయిపోయింది. ఈసారి ధవళేశ్వరం వెళ్దాం. ఆ లాకు చక్రం కుడివైపు తిప్పితే గేటు దిగుతుందో, ఎడమవైపు తిప్పితే దిగుతుందో చూడాలి. నేను ఇన్నాళ్ళూ కుడికే తిప్పుతున్నాను.

వదినకూ పిల్లలకూ అడిగానని చెప్పు.

నీ
వాసు