మన తెలుగు బడి వార్తాలేఖ: సాల్టైర్ వెళ్లొచ్చాం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం పెద్ద పిల్లలను సాల్టైర్ తీసుకెళ్లాం. ఇంగ్లాండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ నగరం పక్కనున్న పాత మిల్లు ఊరది. లీడ్స్ ఆఫీసులకు రైల్లో వెళ్లే మీలో కొందరు రోజూ దాటే స్టేషనే అది. దిగి చూసినవాళ్లు మాత్రం తక్కువే అనుకుంటా.

టైటస్ సాల్ట్ అనే ఉన్ని వ్యాపారి 1853లో ఇక్కడ బట్టల మిల్లు తెరిచాడు. బ్రాడ్‌ఫర్డ్ పొగకు దూరంగా పనివాళ్లకు రాతి ఇళ్లు, బడి, పార్కు కట్టించాడు. పబ్‌కు మాత్రం ఊళ్లో చోటివ్వలేదు. వీధులకు తన పిల్లల పేర్లు పెట్టుకున్నాడు: హెలెన్, మేరీ, జార్జ్... మ్యాప్ పట్టుకుని పేర్లు వెతుకుతూ ఒక చిన్నది, "పనిచేసినవాళ్ల పేరు ఏ వీధికీ లేదా మేడమ్?" అంది. ఊరికి ప్లాన్ గీసిన లాక్‌వుడ్, మాసన్‌ల పేర్లున్నాయి. మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్లవి నాకైతే కనబడలేదు.

1868 నాటి బడి భవనం దగ్గర ఎక్కువసేపు ఆగాం. అప్పట్లో మిల్లు పిల్లలు 'హాఫ్ టైమర్లు'. సగం రోజు పని, సగం రోజు చదువు. "సగం రోజే బడా!" అని మనవాళ్లు ముందు సంబరపడ్డారు. మిగతా సగం యంత్రాల మధ్యేనని చెప్పాక నోళ్లు మూతపడ్డాయి. ఆ పద్ధతిని తీసేసే చట్టం 1918లో గానీ రాలేదు.

మాతో వచ్చిన ఒక అమ్మమ్మగారిది చీరాల వైపు. "మా ఇళ్లల్లో గుంట మగ్గం నడింట్లోనే ఉండేది. మగ్గం పక్కనే తిండి, నిద్ర. ఇక్కడ మగ్గం కోసం ఊరినే కట్టారన్నమాట," అన్నారు. నేను రాసుకెళ్లిన రెండు పేజీల పాఠం ఇక చదవలేదు.

1965లో మూసేసిన స్టేషన్‌ను 1984లో మళ్లీ తెరిచారు. రెండేళ్లకే మిల్లు ఆగిపోయింది. ఒకప్పుడు ఊరంతా నడిచి మిల్లుకెళ్లేది, ఇప్పుడు పొద్దున్నే ప్లాట్‌ఫాం మీద లాప్‌టాప్ బ్యాగులు. మిల్లులో చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలు, పుస్తకాల షాపు ఉన్నాయి. పిల్లలకు అన్నిటికంటే నచ్చింది అక్కడి కేకులే, దాచడం దేనికి.

ఒక్క విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. మనవాళ్ల కార్లు రెండు ఇళ్ల ముందు అడ్డంగా పెట్టేశారు. అక్కడ ఒక ఇంటి పెద్దాయన మర్యాదగానే అడిగారు గానీ, సిగ్గుతో తల దించుకున్నాను. అక్కడ చాలా ఇళ్ల తలుపులు నేరుగా పేవ్‌మెంట్ మీదికే తెరుచుకుంటాయి. 2001 నుంచి ఆ ఊరు ప్రపంచ వారసత్వ స్థలం కావచ్చు, ఆయనకు మాత్రం ఇల్లు. కిటికీ అద్దాలకు ముక్కులు ఆనించి లోపలికి చూడొద్దని మీ పిల్లలకు ఇంట్లోనే చెప్పి పంపండి.

వచ్చే శనివారం చిన్న పిల్లల వంతు. పదిన్నరకు సాల్టైర్ ప్లాట్‌ఫాం మీద కలుద్దాం. దయచేసి రైల్లోనే రండి. మగ్గం పని తెలిసిన తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు ఇంట్లో ఉంటే తప్పకుండా తీసుకురండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు